బేతేలు: హెబ్రీ ఊరి పేరు, విశాఖపట్నం తెలుగు

బేతేలు అనే ఊరి పేరుకు హెబ్రీ భాషలో ‘దేవుని ఇల్లు’ అని అర్థం. ‘బేత్’ అంటే ఇల్లు, ‘ఏల్’ అంటే దేవుడు. ఏల్ అనేది కనాను ప్రజలు కొలిచిన పెద్ద దేవుడి పేరు కూడా. ఇశ్రాయేలు, సమూయేలు, దానియేలు పేర్ల చివర వినిపించేది ఈ మాటే. అరబ్బీలో ఇంటిని సూచించే ‘బైత్’ కూడా బేత్‌కు తోబుట్టువే. దేవుడి నెలవును బట్టి ఊరికి పేరు రావడం తెలుగువారికి కొత్త కాదు. తీరంలో సముద్రం కలిపేసుకున్న వైశాఖేశ్వరుని గుడి వల్లే విశాఖపట్నానికి ఆ పేరు వచ్చిందని స్థానికుల ఐతిహ్యం.

పేరు పుట్టుకను ఆదికాండము 28వ అధ్యాయం చెబుతుంది. అన్న ఏశావు కోపానికి భయపడి హారానుకు పారిపోతున్న యాకోబు దారిలో ఒక రాయిని తలగడగా పెట్టుకుని పడుకుంటాడు. భూమి మీద నుంచి ఆకాశాన్ని అంటే నిచ్చెన, దాని మీద ఎక్కుతూ దిగుతూ ఉన్న దేవదూతలు అతని కలలో కనబడతారు. తెల్లవారాక ఆ రాయిని స్తంభంగా నిలిపి, నూనె పోసి, ఆ చోటికి బేతేలు అని పేరు పెడతాడు. అంతకు ముందు ఆ ఊరి పేరు లూజు. అయితే 12వ అధ్యాయంలో అబ్రాము గుడారం వేసిన చోటును చెప్పేటప్పుడే బేతేలు పేరు వస్తుంది. 35వ అధ్యాయంలో యాకోబు మళ్లీ అదే పేరు పెడతాడు. వేర్వేరు కాలాల కథనాలు ఒకచోట చేరడమే దీనికి కారణమని చాలామంది పండితుల అభిప్రాయం.

ఇంత గొప్ప పేరుకు తర్వాత మచ్చ వచ్చింది. సొలొమోను మరణం తర్వాత రాజ్యం రెండుగా చీలినప్పుడు ఉత్తర రాజ్యపు రాజు యరొబాము, ప్రజలు యెరూషలేముకు వెళ్లకుండా బేతేలులో ఒకటి, దానులో ఒకటి బంగారు దూడలను నిలిపాడు. క్రీస్తు పూర్వం 8వ శతాబ్దంలో ఆమోసు ప్రవక్త అక్కడికే వెళ్లి రాజ్యం కూలుతుందని ప్రకటిస్తే, యాజకుడు అమజ్యా అది రాజుగారి ఆలయమని చెప్పి అతణ్ణి వెళ్లిపొమ్మన్నాడు. మరో ప్రవక్త హోషేయ విమర్శ మరింత పదునైనది. అతడు ఆ ఊరిని బేతావెను, అంటే ‘దుష్టత్వపు ఇల్లు’ అని పిలిచాడు. ఒక్క ముక్క మార్చి దేవుని ఇంటిని పాపపు కొంపగా నిలబెట్టిన ఈ ప్రయోగం హెబ్రీ శ్రోతలకు వెంటనే తగిలి ఉంటుంది. క్రీస్తు పూర్వం 7వ శతాబ్దంలో యోషీయా రాజు అక్కడి బలిపీఠాన్ని పడగొట్టించాడు.

ఇలాంటి పేర్లు తెలుగులోకి రావడంలో విశాఖపట్నం పాత్ర పెద్దది. 18వ శతాబ్దంలోనే బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగు చేసినా అది అచ్చు కాలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ తోడ్పాటుతో అక్కడ సువార్తల అనువాదం సాగింది. భాష తెలిసిన ఆయన చేయి లేకుండా ఈ పని ముందుకు కదిలేది కాదు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ మూడింటిలో బేతేలు ప్రస్తావన లేదు. కానీ బేత్లెహేము, బేతనియ, బేత్సయిదా వంటి ‘బేత్’ ఊళ్లు ఉన్నాయి. మిషనరీ ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తి చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. 1840లో విశాఖపట్నం వచ్చిన జాన్ హే, సహచరుడు వార్డ్‌లాతో కలిసి బైబిలు అనువాదానికి, సవరణకు ఏళ్ల తరబడి శ్రమించాడు.

తెలుగు బైబిలు ఊళ్ల పేర్లను అర్థం బట్టి మార్చలేదు; పలుకును ఉంచి, చివర తెలుగు అచ్చు చేర్చింది. యెరూషలేము, సీయోను, గిల్గాలు లాగానే బేత్, ఏల్ సంధి కలిసి బేతేలు అయింది. ఇది సరైన దారే, ఎందుకంటే అది పటంలో ఉన్న ఒక ఊరు. 1838లో పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్ యెరూషలేముకు ఉత్తరాన ఉన్న బేతీన్ గ్రామమే ఆ చోటని గుర్తించాడు, 1934లో డబ్ల్యూ. ఎఫ్. ఆల్‌బ్రైట్ అక్కడ తవ్వకాలు జరిపాడు. ఆ గుర్తింపును ఎక్కువ మంది పండితులు అంగీకరిస్తారు. అయితే హోషేయ ఎత్తిపొడుపు మాత్రం తెలుగులో వివరణ లేకుండా అందదు. అయినా తెలుగు నాట ఎన్నో ప్రార్థన మందిరాలు బేతేలు పేరు పెట్టుకున్నాయి.