వృత్తి మార్పు: వదిలించుకోవడం, చేరుకోవడం

చేస్తున్న పని భరించలేక మారడం ఒకటి, కావాలనుకున్న పని వైపు వెళ్లడం మరొకటి. 1966లో సామాజిక శాస్త్రవేత్త ఎవరెట్ లీ వలసలను విడిచిన చోటు, చేరే చోటు రెండింటి నుంచీ పరిశీలించాడు. 1997లో మనస్తత్వవేత్త టోరీ హిగ్గిన్స్, నష్టం తప్పించుకోవాలని చూసే మనసుకూ ఎదుగుదల కోరే మనసుకూ తేడా చెప్పాడు.

జోగులాంబ గద్వాల జిల్లాలోని మల్దకల్ ఉన్న పాత పాలమూరు ప్రాంతంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కరువు, అప్పు తరిమితే కూలీలు తమను పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని ఆనకట్టల, కాలువల పనులకు పోయేవారు. ఎక్కడికి, ఏ పనికి అన్నది మేస్త్రీ ఇష్టం. ఊరు విడవడమే తప్ప ఎంపిక లేదు.

ఇక్కడి సీడు పత్తి సాగు, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం చేసే సాగు, దీనికి భిన్నం, కొంతవరకే. సాయంత్రం ఆడ మొక్క మొగ్గలో పుప్పొడి తిత్తులు చిదమకుండా తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వును దానికి అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. చేయి తిరిగితేనే వచ్చే పని, నేర్చుకుంటే విలువ పెరిగే పని. జూరాల జలాశయం నుంచి నీళ్లు ఎత్తిపోసే నెట్టెంపాడు పథకం ఈ ప్రాంత సేద్యానికి ఊతమైంది.

అయితే పెట్టుబడి చాలాసార్లు విత్తన కంపెనీకీ రైతుకూ మధ్యవర్తి అయిన సీడు ఆర్గనైజర్ దగ్గరి నుంచే వస్తుంది, లెక్క పంట చేతికొచ్చాక తేలుతుంది. అడ్వాన్సు ఇచ్చే మనిషి మారాడంతే. కోరుకున్న పనిలోకి వచ్చినా బాకీ వెంట వస్తే, ఆ మార్పును పూర్తి ఎంపిక అనలేం.