చంద్రమతి పద్యాలు ఎవరివి?

మా కొత్తవలస వైపు పెద్దవాళ్ళు "నాటకం" అన్నారంటే పద్య నాటకమనే అర్థం. హార్మోనియం శ్రుతి పట్టాలి, పద్యం చివర రాగం సాగాలి, జనం "వన్స్ మోర్" అని అరవాలి. అప్పుడుగానీ నాటకం చూసినట్టు ఉండదు వాళ్ళకి. ఇంగ్లీషు వాళ్ళ పాటల నాటకాల గురించి మా అమ్మాయి చెబుతుంటే మా అత్తగారు తేలిగ్గా అన్నారు, "మనకి హరిశ్చంద్ర ఉంది కదమ్మా" అని. ఆ మాట పట్టుకునే ఇదంతా రాస్తున్నాను.

తెలుగు నాటకంలో పాటలు, పద్యాలు బాగా పెట్టింది బళ్ళారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారని చెబుతారు. ఆయన వృత్తికి వకీలు. నాటకమే జీవనంగా బతికిన వాళ్ళు మనకి లేకపోలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి కుటుంబాలు అలాంటివే. కానీ ఊరూరా నాటకాన్ని మోసింది మాత్రం పగలు వేరే పని చేసుకుని రాత్రి ముఖానికి రంగు వేసుకున్నవాళ్ళే. వకీళ్ళు, బడి పంతుళ్ళు, రైతులు. మన విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు 1892లోనే కన్యాశుల్కం ఆడారు. అది వచన నాటకం. అయితే సంగీతానికి చెవి కోసుకునే ఊరు విజయనగరం. 1919లో సంగీత కళాశాల పెట్టి, హరికథకి పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరు. అలాంటి ఊరి చుట్టుపక్కల పల్లెల్లో పద్యం పండకపోతే ఆశ్చర్యపోవాలి. పాండవోద్యోగ విజయాల్లో కృష్ణుడిగా పేరు తెచ్చుకున్న పీసపాటి నరసింహమూర్తి గారు మన ఉత్తరాంధ్ర మనిషే.

పల్లెల్లో ఎక్కువగా ఆడింది మాత్రం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్ర. దీన్ని ఆడే పద్ధతి కూడా వింతగా ఉంటుంది. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు కనిపిస్తారు. ఒకాయన సభలో, ఇంకొకాయన వారణాసిలో, అందరికంటే గొంతున్నాయన కాటి సీనులో. ఊళ్ళో పాడగలిగిన వాళ్ళందరికీ అవకాశం రావాలి కదా మరి! ఆ కాటి సీనులోనే గుర్రం జాషువా గారి శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి. అవి నాటకకర్త రాసినవి కావు, నటులు తెచ్చుకుని పాడుకున్నవి. అంటరానితనం బాధ అనుభవించిన కవి పద్యాలు, కాటికాపరిగా మారిన రాజు నోట పలకడం, వాటికి ఊరంతా కళ్ళు తుడుచుకోవడం చిన్న సంగతి కాదు.

ఇప్పుడు చంద్రమతి దగ్గరికి వద్దాం. ఇచ్చిన మాట భర్తది, ముందు అమ్ముడుపోయింది ఆవిడ. కాలకౌశికుడి ఇంట్లో చాకిరీ చేసింది. పాము కరిచిన కొడుకుని తనే మోసుకుని శ్మశానానికి వెళ్ళింది. అక్కడ కాటిసుంకం అడిగింది కట్టుకున్నవాడే. మన అమ్మమ్మలు తెల్లవారేదాకా చాపల మీద కూర్చుని ఏడ్చింది హరిశ్చంద్రుడి సత్యానికేనంటే నేను నమ్మను. ఇంకొకరి మాట కోసం తాము మోసిన బరువు వాళ్ళకి అక్కడ కనిపించి ఉంటుంది.

ఆ చంద్రమతి వేషం మొదట్లో చాలా సమాజాల్లో మగవాళ్ళదే. స్థానం నరసింహారావు గారు 1920లో బాపట్లలో, చంద్రమతి పాత్రధారి రాకపోతే ఆ కొరత తీర్చడానికి చీర కట్టారు. ఆ తర్వాత ఆడవేషాలకే పేరుపడి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ప్రతిభని తక్కువ చెయ్యడం లేదు. కానీ ఆడదాని ఏడుపుని ఆడదే ఏడవడానికి చాలా సమాజాల్లో చాలా కాలం పట్టింది. సురభి వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొదటినుంచీ వేషాలు కట్టారు. ఊరి సమాజాలకి మాత్రం తర్వాతి రోజుల్లో పట్నం నుంచి డబ్బిచ్చి ఆర్టిస్టులని పిలిపించుకోవడం అలవాటైంది.

మా అత్తగారి చిన్నప్పుడు, 1960ల్లో, వాళ్ళ నాన్నగారు కాటి సీను హరిశ్చంద్రుడు. అరకు మీదుగా కిరండూల్ దాకా రైలు దారి వేస్తున్న రోజులవి. రిహార్సల్స్ మూడు నెలలు వీళ్ళ అరుగు మీదే. హార్మోనియం మేష్టారికి భోజనం, మిగతా వాళ్ళకి రాత్రి రెండుసార్లు టీలు, అన్నీ ఇంట్లో ఆడవాళ్ళ చేతి మీదుగానే. చంద్రమతి ఆర్టిస్టు నాటకం రోజే రైలు దిగుతుంది కాబట్టి, అప్పటిదాకా ఆ పద్యాలు మేష్టారే పాడేవారు. తలుపు చాటున పిండి రుబ్బుతూ వాళ్ళమ్మ, పక్కన ఈవిడ వినేవారు. నాటకం నాటికి ఇద్దరికీ చంద్రమతి పద్యాలన్నీ కంఠతా వచ్చేశాయి. స్టేజీ ఎక్కమని ఎవరూ అడగలేదు. అడుగుతారని వాళ్ళూ అనుకోలేదు.

ఆ రోజు వచ్చిన ఆర్టిస్టుకి విడిగా వసారాలో ఆకు వేసి వడ్డించారట. "స్టేజీ ఎక్కే మనిషి" అని లోపలికి పిలవలేదు. అదే రాత్రి ఆవిడ లోహితాస్యుణ్ణి ఒళ్ళో పెట్టుకుని పాడుతుంటే, వడ్డించిన ఆడవాళ్ళందరూ కొంగులు తడుపుకున్నారట. "మర్నాడు మా అమ్మ ఆవిడకి పసుపు కుంకుమ ఇచ్చి, లోపల కూచోబెట్టి కాఫీ ఇచ్చింది. నాన్న చూసి ఏమీ అనలేదు" అన్నారు అత్తగారు. హరిశ్చంద్రుడు కాపాడిన సత్యం కంటే, ఆ కాఫీ గ్లాసు నాకు పెద్దగా అనిపించింది.

నాటక చరిత్ర పుస్తకాల్లో కవులుంటారు, పేరుపడ్డ నటులుంటారు, సమాజాలుంటాయి. తలుపు చాటున నేర్చుకున్న వాళ్ళు ఉండరు. మా అత్తగారికి డెబ్బై దాటాయి. మోకాళ్ళు సహకరించవు కానీ పద్యం ఎక్కడా తడబడదు. ఈ మధ్య మా అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేస్తోంది, ఇప్పటికి పదకొండు పద్యాలయ్యాయి. మీ ఇళ్ళల్లోనూ వంట చేస్తూ రాగం తీసే పెద్దావిడ ఎవరైనా ఉంటే, ఎక్కడ నేర్చుకున్నారని ఒక్కసారి అడిగి చూడండి.