పిలుపుకూ ప్రయాణానికీ మధ్య: బిషప్ అజరయ్య డోర్నకల్ రాక

దేవుడు పిలిచాడు, అబ్రాము మారుమాట లేకుండా బయలుదేరాడు. మన సంఘాల్లో ఆదికాండం 12వ అధ్యాయం మీద ప్రసంగం సాధారణంగా ఇలాగే నడుస్తుంది. ఆ వెంటనే ‘కంఫర్ట్ జోన్’ విడిచి రమ్మని యువతకు ఆహ్వానం. పిలుపు ఒక్క క్షణంలో వినబడుతుందనీ, విధేయత ఒక్క అడుగుతో తేలిపోతుందనీ ఈ బోధ భావం. వాక్యభాగం గానీ, తెలుగు నేలకు బాగా తెలిసిన ఒక దైవసేవకుడి జీవితం గానీ ఈ లెక్కకు లొంగవని ఈ వ్యాసం వాదన.

ముందు వాక్యం. 11వ అధ్యాయం చివర చూస్తే, కల్దీయుల ఊర్ అనే పట్టణం నుంచి కనానుకని కుటుంబాన్ని బయలుదేరదీసింది తండ్రి తెరహు. హారాను దాకా వచ్చి వాళ్లు అక్కడే నిలిచిపోయారు. డెబ్బై ఐదేళ్ల వయసులో అబ్రాము కదిలింది ఆ హారాను నుంచే. అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయంలో స్తెఫను మాత్రం దేవుడు హారానుకు ముందే, మెసొపొతమియలోనే ప్రత్యక్షమయ్యాడంటాడు. ఈ రెంటినీ పొసగించాలని వ్యాఖ్యాతలు చాలా తంటాలు పడ్డారు. ఆ తొందర అనవసరమని నా అభిప్రాయం. పిలుపు ఎప్పుడు మొదలైందో తేల్చలేని స్థితి ఆ కథలోనే ఉంది. బంధువులను విడిచి రమ్మంటే సోదరుడి కొడుకు లోతును వెంటబెట్టుకొచ్చాడు. కరువు రాగానే ఐగుప్తుకు దిగి, ప్రాణభయంతో శారయి చేత చెల్లెలినని చెప్పించాడు. భర్త విధేయతకు తొలి మూల్యం చెల్లించింది ఆమె. ఈ సంగతి ప్రసంగాల్లో అంతగా వినిపించదు.

ఇక అజరయ్య. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో ఒక పల్లె పాస్టరు ఇంట పుట్టారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణాదంతా తిరిగారు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమంతట తామే సువార్త పని నడపడం చూశారు. అంత పెద్ద తిరునెల్వేలి సంఘానికి అలాంటి ప్రయత్నమే లేదన్న సిగ్గు ఆయన్ను పట్టుకుంది. మరుసటి ఏడాదే తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. డబ్బు, మనుషులు, నిర్వహణ అన్నీ దేశీయమే. సొసైటీ ఎంచుకున్న సేవాక్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్. సింగరేణి బొగ్గు లైను చీలే రైల్వే జంక్షన్ అది. తిరునెల్వేలికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, పైగా భాష వేరు.

అజరయ్య మాత్రం వెంటనే వెళ్లలేదు. ఇతరులు వెళ్లారు. 1905 క్రిస్మస్ నాడు శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోనూ ఆయన ముందున్నారు. ఉద్యోగం వదిలి, అభిషేకం పొంది డోర్నకల్ చేరింది 1909లో. జాఫ్నాకూ డోర్నకల్‌కూ మధ్య ఏడేళ్లు. దీన్ని జంకు అనవచ్చా? నేననను. ఆ ఏడేళ్లలో పిలుపు కమిటీల మీదుగా, చందాల మీదుగా, ముందు పంపిన మనుషుల మీదుగా తిరిగి తిరిగి చివరికి పిలిచినవాడి గుమ్మానికే వచ్చింది. ఊళ్లో ఇతరులను పొమ్మన్నవాడు తాను ఇంట్లో ఎన్నాళ్లు కూర్చోగలడు?

ఆయన వదులుకున్నది డబ్బు కంటే పెద్దది. విద్యావంతుల సభల్లో ఇంగ్లిషులో ఉపన్యసించి మెప్పు పొందే మనిషి, ముప్పై ఐదేళ్ల వయసులో తెలుగు గుణింతాల దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు. ఎదుట ఉన్నవారిలో ఎక్కువమంది చదువుకు దూరంగా ఉంచబడిన మాల, మాదిగ పల్లెల వాళ్లు. దూరం కంటే ఇలా తనను తాను తగ్గించుకోవడమే అసలు త్యాగమని నాకనిపిస్తుంది. 1910లో ఎడిన్‌బరో మిషనరీ సమావేశంలో ఆయన చేసిన ప్రసిద్ధ ప్రసంగాన్ని ఈ వెలుగులో చదవాలి. సముద్రాలు దాటి వచ్చిన పాశ్చాత్య మిషనరీలు ధనం, శ్రమ, చివరికి ప్రాణం కూడా ఇచ్చారు కానీ స్నేహం ఇవ్వలేదన్నది అందులోని ఫిర్యాదు. సభలో కొందరికి అది మింగుడు పడలేదు. దేశం మారినా బంగళా ప్రహరీ దాటనివాడు ఇల్లు విడవనట్టే. ఆ మాట అనే అర్హత, అంతకు ఏడాది ముందే డోర్నకల్ చేరిన మనిషికి ఉంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌లో గుమ్మటాలూ, మినార్లూ, గుడి మండపాన్ని తలపించే స్తంభాలూ ఒకే కప్పు కింద కనిపిస్తాయి. స్థానిక రూపాల నుంచి నేర్చుకోవడం రాతిలో మిగిలిన చోటు అది. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఈ చరిత్రలో ఖాళీ ఉన్నది ఆ ఏడేళ్లలో కాదు, మరొక చోట. భార్య అన్బు మరియమ్మాళ్ దక్షిణ భారతంలో కాలేజీ మెట్లెక్కిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఒకరు. పిల్లలతో డోర్నకల్‌కు ఆమె ఎలా వచ్చారు, ఆ నిర్ణయంలో ఆమె మాట ఎంత అన్నది బిషప్ జీవితచరిత్రలకు పక్క విషయమైపోయింది. ఆయన కంటే ముందు తిరునెల్వేలి నుంచి వచ్చిన సువార్తికులదీ, మన పల్లెల్లో గుడిసె బడులు నడిపిన ఉపదేశకులదీ అదే స్థితి. సంఘాల బాప్తిస్మ పుస్తకాలు, పాత తమిళ, తెలుగు నివేదికలు చెదల పాలుకాక ముందే యువ పరిశోధకులు వాటిని తెరవాలి.