వజ్రము ఆవిరియైనదా, కాలినదా?

కర్పూరపు భరిణె మూత వదులైయున్నచో, నాలుగు దినములకు బిళ్ల చిక్కిపోవును. సాయంకాలము హారతి వెలిగించినను కర్పూరము మిగులదు. రెండు చోట్లను పోయినది కర్పూరమే. పోయిన తీరు మాత్రము ఒక్కటి కాదు. భరిణెలోనిది ఆవిరియైనది. ఆ ఆవిరి చల్లని మూతకు తగిలినచో మరల తెల్లని కర్పూరమై నిలుచును. ఇది భౌతికమైన మార్పు. హారతిలోనిది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి వేరు పదార్థములైనది. వానిని ఎంత చల్లార్చినను కర్పూరము రాదు. ఇది రసాయనికమైన మార్పు.

ఈ భేదమే ఒకప్పుడు ఐరోపా పండితులను వజ్రము విషయమున చిక్కున పెట్టినది. ఆ కథను శ్రోతలకు విన్నవింతుము.

1694-95 సంవత్సరములలో ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున అవెరాని, తార్జోని అను విద్వాంసులు పెద్ద భూతద్దముతో ఎండను వజ్రముపై కేంద్రీకరించిరి. వజ్రము మాయమయ్యెను, బూడిదయైనను మిగులలేదు. అప్పటికి బ్రెజిలు గనులు బయటపడలేదు. ఐరోపా చేరిన వజ్రములు చాలవరకు మన దేశమునుండి, అందును కృష్ణాతీరమందలి కొల్లూరు మొదలగు గనులనుండి, గోలకొండ పేరిట పోయినవే. ఆ మాయమైన వజ్రమును మన మట్టిలో పుట్టినదే కావచ్చును.

అన్నిటికంటె కఠినమైన రత్నము ఏమైనట్లు? కర్పూరమువలె ఆవిరియైనదని కొందరు, కట్టెవలె కాలినదని కొందరు తలచిరి. పారిస్ నగరపు వజ్రపు పనివారు రెంటిని ఒప్పుకొనలేదు. మచ్చలు పోవుటకై తాము వజ్రములను కొలిమిలో కాల్చుచుందుమనియు, అవి చెక్కుచెదరవనియు వాదించిరి. మైయార్ అను పనివాడు తన మూడు వజ్రములనే పణముగా ఒడ్డెను. వానిని చుట్టగొట్టపు మట్టిగిన్నెలో బొగ్గుపొడి దట్టించి పొదిగి, గాలి చొరకుండ మూసి కొలిమిలో పెట్టించెను. తీసి చూడగా మూడును పదిలముగా నుండెను!

పనివాని మాట నిజమే. కాని కారణము వేరు. వేడిమి తగ్గలేదు, గాలి మాత్రమే అందలేదు. లవోయిసియేరు 1772లో ఈ సూత్రమును పట్టుకొని, మూసిన గాజుపాత్రలో భూతద్దముతో వజ్రమును కాల్చెను. లోపలి గాలి తగ్గినది. మిగిలిన గాలి సున్నపు తేటను పాలవలె తెల్లబరచినది. బొగ్గు కాలినపుడును ఇట్లే జరుగును. కనుక వజ్రము ఆవిరి కాలేదు, కాలినది.

1797లో ఇంగ్లాండున స్మిత్‌సన్ టెనెంటు బంగారు గొట్టములో సురేకారముతో వజ్రమును కాల్చి, సమానమైన తూకముగల వజ్రమును బొగ్గును ఒకే పరిమాణమున బొగ్గుపులుసు గాలినిచ్చునని చూపెను. రాజుల కిరీటములలోని వజ్రము, మన పొయ్యిలోని బొగ్గు ఒక్క కర్బనమేనని తేలెను.

కావున కంటికి మాయమైన మాత్రమున నిర్ణయము తగదు. నీట కరగిన ఉప్పు కానరాదు. నీరు మరిగి ఇంకినచో ఉప్పే మిగులును. తోడుకొన్న పాలు గిన్నెలోనే యుండును. కాని మరల పాలు కావు. ఏమి పోయినదని కాక, ఏమి పుట్టినదని అడుగవలెను. పనివాని మూడు వజ్రములు నేర్పిన పాఠమిదియే.