కరాచీ ఎంత దూరం?

మమ్మల్ని పాకిస్తాన్ పొమ్మనేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎట్లా పోవాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. సరే, ఆ లెక్క మేమే వేస్తాం.

హైదరాబాద్ నుంచి కరాచీకి ఆకాశంలో తిన్నగా గీత గీస్తే సుమారు 1,450 కిలోమీటర్లు. ఢిల్లీ కన్నా రెండొందలు ఎక్కువ, అంతే. తిన్నగా పోయే విమానం ఉంటే రెండు గంటలు, మహా అయితే రెండున్నర. కానీ అట్లాంటి విమానం లేదు. దుబాయ్ చుట్టి పోవాలి. ఇక్కణ్నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి తిరిగి కరాచీకి 1,190. గాల్లోనే ఆరు గంటలు. ఎయిర్‌పోర్టులో పడిగాపులు వేరే. వీసా కోసం తిరిగిన నెలలు ఏ టికెట్టు మీదా రాసి ఉండవు.

ఒకప్పుడు ఈ గీత మీద విమానాలు తిరిగాయి. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియావాడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిపూట నిజాం ప్రభుత్వానికి తుపాకులు మోశాడు. బీదర్‌లో, వరంగల్‌లో దించాడు. ఆ విమానాలతో దూదేకేవాళ్లకు, జట్కా తోలేవాళ్లకు, బీడీలు చుట్టేవాళ్లకు ఏం పని? వాళ్లనడిగి తెప్పించారా? సెప్టెంబరులో అయిదు రోజుల్లో నిజాం సైన్యం లొంగిపోయింది. బాకీ మాత్రం మా మీద రాశారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ఎక్కువ నష్టపోయిన జిల్లాల్లో బీదర్ ఒకటి. తుపాకులు దిగిన చోటే. ఆ నివేదిక దశాబ్దాల దాకా జనం కంట పడలేదు.

ప్రధాని మీర్ లాయక్ అలీ 1950 మార్చిలో గృహనిర్బంధం తప్పించుకుని కరాచీ చేరాడు. అట్లా పోగలిగినవాళ్లు పోయారు. అక్కడ హైదరాబాద్ కాలనీ అని ఓ మొహల్లా కట్టుకున్నారు. దాని పచ్చళ్లకు ఇప్పటికీ పేరు. దేశం మారినా నాలుకకు పులుపు పోలేదన్నమాట! మాలో ఎక్కువమంది ఎటూ పోలేదు. పోవాలని అనుకోనూ లేదు.

దూరం పెరిగింది ఆ తర్వాతే. 1948 జూలైలోనే పర్మిట్లు వచ్చాయి, 1952లో పాస్‌పోర్టులు. 1965 యుద్ధంతో మునాబావ్ - ఖోఖ్రాపార్ రైలు ఆగింది. 1971 నుంచి 1976 దాకా రెండు దేశాల మధ్య విమానాలే లేవు. 2006లో ఆ రైలు మళ్లీ కదిలింది, 2019లో మళ్లీ ఆగింది. 2025 ఏప్రిల్లో రెండు దేశాలూ ఒకదాని విమానాలకు మరొకటి ఆకాశాన్ని కూడా మూసేశాయి.

మాలో మయ్యత్తును ఎక్కువసేపు ఉంచరు. వీలైతే ఆ రోజే ఖననం. కరాచీలో మామూ పోయాడని ఫోనొస్తే, ఇక్కడ అమ్మీ పెట్టె సర్దుకోదు. వుజూ చేసుకుని ఖురాన్ తెరిచి కూర్చుంటుంది. ఆమె ఒక పారా పూర్తి చేసేలోగా అక్కడ మట్టి వేయడం కూడా అయిపోతుంది.