హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు

హైదరాబాద్ నగర పోలీసు శాఖ తరఫున 1939 నుంచి ఆడిన ఫుట్‌బాల్ జట్టు ఇది. ఆంధ్రప్రదేశ్ అవతరణ తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టుగా కొనసాగింది. 1950-1963 మధ్య రోవర్స్ కప్పును తొమ్మిదిసార్లు, డ్యూరాండ్ కప్పును నాలుగుసార్లు గెలుచుకుంది. జాతీయ లీగ్ లేని రోజుల్లో, కోల్‌కతా పెద్ద క్లబ్బుల డబ్బుగానీ ప్రాబల్యంగానీ లేకుండానే, స్థానిక బస్తీల కుర్రాళ్లతో దేశంలోని మేటి జట్లను ఓడించింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణ ఈ జట్టుకు ప్రాణం.

నేపథ్యం

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని బ్రిటిష్ దళాల ద్వారా ఫుట్‌బాల్ ఈ ప్రాంతానికి వచ్చింది. కంటోన్మెంట్ మైదానాల నుంచి బడులకు, బస్తీలకు పాకింది. నగరంలో కమర్ క్లబ్, ఎలెవెన్ హంటర్స్ వంటి స్థానిక జట్లు, లాలాగూడలో రైడర్స్ క్లబ్ ఉండేవి. చెప్పుల్లేకుండా, ఎగుడుదిగుడు నేల మీద ఆడి బంతి మీద పట్టు సాధించినవాళ్లే వీటిలో ఎక్కువ. ఆటను నమ్ముకుని బతికే వీలు అప్పట్లో లేదు. అలాంటివారికి పోలీసు శాఖ నెలజీతం వచ్చే ఉద్యోగమిచ్చి, సాధనకు వెసులుబాటు కూడా కల్పించింది. శాఖాపరమైన జట్టు నిలదొక్కుకోవడానికి అసలు కారణం ఇదే.

ఆ కాలంలో దేశమంతటికీ ఒకే లీగ్ ఉండేది కాదు. కోల్‌కతాకు 1898 నుంచి సొంత లీగ్ ఉంది. మిగతా ఊళ్ల జట్లు తమ సత్తా చూపాలంటే కప్పు పోటీలకు వెళ్లవలసిందే. 1888లో సిమ్లాలో మొదలై తర్వాత ఢిల్లీకి మారిన డ్యూరాండ్, 1891లో బొంబాయిలో మొదలైన రోవర్స్ వాటిలో ముఖ్యమైనవి. ఓడితే ఇంటిదారి పట్టించే నాకౌట్ పోటీలవి. 1943లో బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ గెలవడంతో హైదరాబాద్ పోలీసుల పేరు తొలిసారి బయటి ప్రాంతాలకు తెలిసింది.

రహీం శిక్షణ

1909లో పుట్టిన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. కాచిగూడ మిడిల్ స్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి చోట్ల పనిచేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి పోలీసు జట్టు శిక్షకుడిగా వ్యవహరించారు.

ఆయన పద్ధతులు కొన్ని ఆనాటికి కొత్త. బంతిని ఒక్కడే అట్టిపెట్టుకుని ముందుకు దూసుకుపోవడం అప్పట్లో గొప్పగా చలామణి అయ్యేది. రహీం డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు పెట్టారు. బంతి అందగానే పక్కవాడికి పంపక తప్పదు. ఎడమకాలి వాటం లేనివాళ్ల కోసం బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో వేరే పోటీలు నిర్వహించారు. ఇలా తర్ఫీదైన ఆటగాడు ఏ వైపు నుంచి బంతి వచ్చినా కాలు మార్చుకోనక్కరలేకుండానే పాస్ ఇవ్వగలిగేవాడు. చిన్నచిన్న పాస్‌లతో, అందరూ కదులుతూ ఆడే హైదరాబాద్ శైలి ఈ సాధన ఫలితమే. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ పేరు తెచ్చిన 4-2-4 వ్యూహాన్ని భారత జట్టుకు అలవాటు చేసిన ఘనత కూడా ఆయనదే.

విజయాల కాలం

స్వాతంత్ర్యం తర్వాత డ్యూరాండ్ తొలిసారి 1950లో జరిగింది. ఫైనల్లో మోహన్ బగాన్‌తో ఫలితం తేలకపోవడంతో మళ్లీ ఆడి, 1-0తో పోలీసులు కప్పు ఎత్తుకొచ్చారు. అదే ఏడాది రోవర్స్ కప్ కూడా వీరి చేతికే చిక్కింది. అక్కడి నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్‌ను వదల్లేదు. 1957, 1960, 1962, 1963 సంవత్సరాల్లోనూ ఆ కప్పు గెలిచారు. 1962లో మాత్రం ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నారు. డ్యూరాండ్ 1954, 1957, 1961లలో మళ్లీ దక్కింది. రాష్ట్ర జట్టుకూ ఈ బలం కలిసివచ్చి 1956-57, 1957-58లలో హైదరాబాద్ వరుసగా రాష్ట్ర జట్ల జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీ గెలిచింది.

జట్టులో నూర్ మహమ్మద్, సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ ప్రముఖులు. తులసీదాస్ బలరాం కథ వేరు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ శివారు గ్రామం అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన ఆయన, పోలీసులు వాడి పడేసిన బూట్ల తోలుతో మోచీ చేత బూట్లు కుట్టించుకుని ఆడారు. రైడర్స్ క్లబ్ ద్వారా పైకి వచ్చారు. సాధనకు రోజూ నగరానికి రావడానికి ఖర్చు పెట్టుకోలేనంటే, సైకిల్ అద్దెకు రహీమే డబ్బిచ్చేవారని తర్వాత గుర్తుచేసుకున్నారు.

జాతీయ జట్టులో పాత్ర

రహీం శిక్షణలో భారత్ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్ ఉన్నారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఆ మ్యాచ్‌ను బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ బృందంలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం అందరూ హైదరాబాదీలే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, పెరూలపై బలరాం గోల్స్ చేశారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన జట్టులో బలరాం, యూసుఫ్ ఖాన్ ఇద్దరూ ఉన్నారు. బలరాంకు 1962లో, యూసుఫ్ ఖాన్‌కు 1966లో అర్జున పురస్కారం లభించింది.

క్షీణత

పతనం ఒక్కసారిగా రాలేదు. కోల్‌కతా క్లబ్బులు ఇచ్చే డబ్బు, అక్కడి లీగ్‌కు ఉన్న జనాదరణ పోలీసు ఉద్యోగం ఇవ్వలేనివి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు. మంచి ఆటగాడు కనబడగానే కోల్‌కతా నుంచి పిలుపు రావడం ఆనవాయితీ అయింది. అయినా ఒకరు వెళ్తే మరొకరిని తయారు చేసే రహీం ఉన్నంతకాలం లోటు తెలియలేదు. జకార్తా స్వర్ణం నాటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న ఆయన 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆ ఏడాది రోవర్స్ విజయమే ఈ జట్టుకు ఆ కప్పులో ఆఖరిది.

1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచినా, ఆ తరం మేటి ఆటగాళ్లు ఇక్కడ నిలవలేదు. మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్, వారి తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ హైదరాబాద్‌లో ఆట నేర్చి కోల్‌కతాలో పేరు తెచ్చుకున్నారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నయీముద్దీన్ నాయకుడు. 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు అందులో హైదరాబాద్ జట్టు ఒక్కటీ లేదు.

తర్వాతి కాలం

రహీం జీవితం ఆధారంగా తీసిన హిందీ చిత్రం ‘మైదాన్’ 2024లో విడుదలై, ఆయన పేరును కొత్త తరానికి తెలిపింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచి నగరానికి మళ్లీ ఫుట్‌బాల్ పట్టం తెచ్చింది. అయితే అది పెట్టుబడితో నడిచిన వృత్తి క్లబ్. ఆటగాళ్లలో ఎక్కువమంది ఇతర రాష్ట్రాల, దేశాలవారు. పోలీసు జట్టు గెలిచింది బడి మైదానంలో పంతులు తయారుచేసిన కుర్రాళ్లతో. అలా తయారుచేసే ఏర్పాటు రహీం తర్వాత ఆ స్థాయిలో కొనసాగకపోవడమే హైదరాబాద్ ఫుట్‌బాల్ వెనకబాటుకు ప్రధాన కారణాల్లో ఒకటి.