విశాఖపట్నపు దంతపు కుర్చీలు

పాత కుర్చీకి మెరుగు మాసినచో మనము వడ్రంగిని పిలుతుము. అతడు గరుకు కాగితముతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, కొత్తగా పాలిష్ పట్టించును. కుర్చీ తళతళలాడును. మామూలు కుర్చీకి ఇది మేలే. కాని రెండువందలయేబది సంవత్సరములనాడు మన విశాఖపట్నములో తయారైన కుర్చీకి ఇదే మర్యాద చేసినచో, ఒక్క పూటలో దాని ప్రాణము పోవును. ఏలనో చూతము.

1756లో విశాఖపట్నమును చూచిన జాన్ కార్నీల్ అను బ్రిటిషు సైనికాధికారి అచ్చటి దంతపు పొదుగు పనిని ఎంతయో మెచ్చుకొనెను. విశాఖలో ఇంగ్లీషు వర్తకులు, సమీపమున భీమునిపట్నములో డచ్చివారు ఉండిరి. వారికి తమ దేశపు మాదిరి కుర్చీలు, బీరువాలు, వ్రాతబల్లలు కావలసివచ్చెను. మన పనివారు చేసియిచ్చిరి. ఆకారము ఇంగ్లీషుది, అంచున ప్రాకిన పూలతీగలు మాత్రము మన అద్దకపు బట్టలమీది తీగలకు చుట్టములు! మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ ఇంటి దంతపు కుర్చీలను 1781లో ఇంగ్లండు రాజు మూడవ జార్జి వేలములో కొనెను. అవి విశాఖ పనితనమేనని నిపుణుల అభిప్రాయము.

ఈ పని రెండు విధములు. మొదట ఇరుగుడు వంటి నల్లచేవ కొయ్యలో గాడి తీసి దంతపు ముక్కలు పొదిగెడివారు. తరువాత పలుచని దంతపు రేకులతో చెక్కనంతటిని కప్పివేయు పద్ధతి కూడ వచ్చెను. ఏ పద్ధతియైనను చివరి పని ఒక్కటే: దంతముపై సన్నని గీతలు చెక్కి, వానిలో నల్లని లక్క నింపుట. ఆకుల ఈనెలు, పూరేకుల నీడలు అన్నియు ఆ గీతలలోనే యున్నవి. లక్క లేనిచో మిగులునది తెల్లని ముక్క మాత్రమే.

ఇక చిక్కంతయు లక్క గుణములో నున్నది. అది నీటిలో కరగదు, స్పిరిట్‌లో కరగును, వేడికి మెత్తబడును. (ఏటికొప్పాక బొమ్మలకు రంగు పట్టించునది ఈ గుణమే. తిరుగుచున్న కొయ్యకు లక్కకడ్డీ నొక్కినచో రాపిడి వేడిమికి కరగి అంటుకొనును.) పందొమ్మిదవ శతాబ్దములో ఐరోపాలో వ్యాపించిన ‘ఫ్రెంచి పాలిష్’ కూడ స్పిరిట్‌లో కరగించిన లక్కయే. పైనున్న ఆ పాలిష్‌ను తీయబోయి స్పిరిట్ పూసినచో, అది పాలిష్ ఏదో, గీతలోని లక్క ఏదో ఎరుగునా? పాతబడిన లక్క సులభముగా కరగదన్న మాట నిజమే గాని, దానిని నమ్ముకొనుట ప్రమాదము. గరుకు కాగితము అంతకంటె చెరుపు చేయును, గీతనే అరగదీయును. అటుపై మరల చెక్కించినను, అది కొత్త పనివాని పువ్వే గాని పాతవానిది కాదు.

పోనీ, నీటితో కడుగుదమన్న, దంతము నీటిని పీల్చి ఉబ్బును, వంగును, పగులును. చెక్కకు, దంతమునకు ఉబ్బుటలో తేడా యుండుటచే రేకులు లేచిపోవును.

అందుచే నేటి పరిరక్షకులు పనికి ముందు పరీక్షింతురు. అతినీలలోహిత కిరణముల క్రింద పాత లక్క నారింజ రంగులో ప్రకాశించును. దానినిబట్టి పాలిష్ ఎచ్చట పూయబడినదో తెలియును. ద్రావకమును మొదట కనబడని మూలలో, దూదితో, చుక్కంత మేర చూతురు. లేచిన రేకును అతికించుటకు జంతువుల తోళ్లనుండి తీసిన బంకనే పలువురు వాడుదురు. కొద్దిపాటి తేమతో, వెచ్చదనముతో దానిని మరల విప్పవచ్చును. ఎపాక్సీ జిగురు గట్టిదే, కాని ఊడదీయబోయిన రేకు విరుగును. ఊడదీయ వీలైన అతుకే మంచి అతుకనుట విడ్డూరముగా తోచవచ్చును గాని, రేపటివానికి మనకంటె మంచి ఉపాయము దొరకవచ్చును గదా!

పోయిన దంతపు ముక్కల స్థానమున కొత్త దంతము పెట్టు ఆలోచన లేదు. మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, ఆపై దాని సవరణలు, 1975లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక దంతపు వ్యాపారమునకు అడ్డుకట్ట వేసినవి. కృత్రిమపు ముక్కను, దగ్గరనుండి చూచినచో తేడా తెలియునట్లు, అమర్తురు. ఒక ఆకు పోయినంత మాత్రమున దానిని ఖాళీగా వదలుటయే మేలని నా మతము.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ సంగతిని సులభముగా చూపవచ్చును. రెండు గాజు గ్లాసులలో కొంచెము రేకు లక్క వేసి, ఒకదానిలో చన్నీరు, రెండవదానిలో స్పిరిట్ పోసి మూతపెట్టి మరునాటివరకు ఉంచవలెను. దగ్గర నిప్పు ఉండరాదు. నీటిలోని రేకులు అడుగున అట్లే పడియుండును. రెండవ గ్లాసులో రేకులు కనుపించవు. గోధుమరంగు ద్రవము మాత్రమే యుండును.